ఆట అన్న మాటకు అంత అలుసెందుకు?

తెలుగు సాహిత్యాభిమానులు నలుగురు చేరిన చోట, అది హ్యూస్టనైనా హైదరాబాదైనా, వీడియో గేముల ప్రస్తావన వస్తే ఒక తీర్పు క్షణాల్లో వెలువడుతుంది: అవి పిల్లలకు పట్టిన జాడ్యం, పెద్దలకు తగని కాలక్షేపం. తీర్పు చెప్పినవారు ఒక్క ఆటనైనా మొదటినుంచి చివరిదాకా ఆడారా అని అడిగితే, ఆ ప్రశ్నే అవమానకరమైనట్టు చూస్తారు. చదవని పుస్తకానికి సమీక్ష రాయడం తప్పని ఎరిగినవారే, ముందుమాట చదివి విమర్శ రాసేవారిని వెక్కిరించేవారే, ఈ ఒక్క విషయంలో తమ నియమాన్ని తామే గాలికి వదిలేస్తారు. ఈ వ్యాసం ఆ నిర్లక్ష్యంపై ఫిర్యాదు.

ఈ చిన్నచూపు కొత్తదేమీ కాదు. 1878లో కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ వెలువడేనాటికి కావ్యగౌరవం పద్యానిదే. వచనంలో కల్పిత కథ అంటే పండితులకు పెద్ద పట్టింపు లేదు. గురజాడ నాటకంలో పాత్రలు ఇళ్ళలో మాట్లాడుకున్నట్టే మాట్లాడితే దాన్ని గ్రామ్యమన్నారు. నవలలు చదివితే ఆడపిల్లలు చెడిపోతారన్న భయం చాలాకాలం నడిచింది. సినిమాకు వెళ్ళడం పరువు తక్కువన్న ఇళ్ళు ఉండేవి. ఆ ఇళ్ళ మనవలే ఈనాడు పాత సినిమాల మీద పరిశోధన పత్రాలు రాస్తున్నారు. ప్రతి తరమూ తన యౌవనంలో దొరికిన కళారూపం దగ్గర తలుపు మూసి, ఇక లోపల చోటు లేదంటుంది.

అసలు ఆట అన్న మాటే చిన్నదైపోవడం తెలుగువారి విషయంలో మరీ వింత. తోలుబొమ్మలది ఆట. నాటకాన్ని ఆడతారు. సినిమా హాల్లో మొదటి ఆట, రెండో ఆట. వంద రోజులు ఆడింది అంటే అది సినిమాకు పరమగౌరవం. వైకుంఠపాళి పటంలో నిచ్చెనలు పుణ్యాలు, పాములు పాపాలు. ఒక్కొక్క గడి ఒక్కొక్క కథ. ఇంకా వెనక్కి వెళితే, నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో ఇంద్రాది దేవతలు బ్రహ్మ దగ్గరకు వెళ్ళి కోరినది క్రీడనీయకం. కంటికి కనబడేది, చెవికి వినబడేది అయిన ఒక ఆటవస్తువు. కావ్యాన్నో శాస్త్రాన్నో వారు అడగలేదు. భరతుడి రసచర్చ అంతా ఆ కోరిక నుంచి మొదలైంది. రససిద్ధాంతాన్ని తలకెత్తుకుని ఆటలను ఈసడించేవారు ఆ అధ్యాయాన్ని మరోసారి తెరవవచ్చు.

ఇంతకంటె గట్టి ఆక్షేపణ ఒకటుంది. దానికి మాత్రం సమాధానం చెప్పవలసిందే. అమెరికన్ సినీవిమర్శకుడు రోజర్ ఈబర్ట్ 2010లో, వీడియో గేములు ఎన్నటికీ కళ కాలేవని రాశాడు. ఆయన వాదం సారాంశం ఇది: కథలో రచయిత ఒక దారి నిర్ణయిస్తాడు, పాఠకుణ్ణి ఆ దారిలోనే నడిపిస్తాడు. అనా కరెనినా రైలు కింద పడకుండా ఉండే వీలు పాఠకుడికి ఇస్తే అక్కడ టాల్‌స్టాయ్ మిగలడు. ఆటలో నిర్ణయం ఆడేవాడిది, గెలుపు ఒక లక్ష్యం. కనుక అది క్రీడ అవుతుంది గాని కళ కాదు. (రైలు ఉదాహరణ ఆయనది కాదు, వాదానికి బలం చేకూర్చడానికి ఇక్కడ చేర్చినది.) వేలాదిమంది పాఠకులు విరుచుకుపడిన తరువాత అదే ఏడాది ఈబర్ట్ మరో వ్యాసం రాసి, ఆడకుండా అంత మాట అని ఉండకూడదని ఒప్పుకున్నాడు. అభిప్రాయం మార్చుకోలేదు. కాని ఆడలేదని ఒప్పుకున్నాడు. తెలుగు విమర్శకులలో ఆ మాత్రం నిజాయతీ కనబరిచేవారు అరుదు. 2013లో ఆయన చనిపోయాడు. ఆయన వాదానికి తిరుగులేని జవాబు అనదగిన ఆట మరో మూడేళ్ళకు గాని రాలేదు.

దాని పేరు ‘దట్ డ్రాగన్, క్యాన్సర్’. అమెరికాలోని కొలరాడో రాష్ట్రానికి చెందిన రయన్ గ్రీన్, ఏమీ గ్రీన్ దంపతులు కొద్దిమంది సహచరులతో కలిసి దాన్ని తయారుచేశారు. వారి కొడుకు జోయెల్‌కు ఏడాది వయసులో మెదడులో కణితి బయటపడింది. వైద్యులు ఎ.టి.ఆర్.టి. అని పిలిచే ఈ కణితి అరుదైనది. ఎక్కువగా మూడేళ్ళలోపు పిల్లలకు వస్తుంది. చాలా వేగంగా పెరుగుతుంది. కొద్ది నెలలే అన్నారు. జోయెల్ మరో నాలుగేళ్ళు బతికి, 2014 మార్చిలో, అయిదేళ్ళ వయసులో కన్నుమూశాడు. బిడ్డ బతికుండగానే తల్లిదండ్రులు ఆటను మొదలుపెట్టారు. అప్పటికి దాని ముగింపు ఏమిటో వారికే తెలియదు. 2016 జనవరి 12న, అతడి ఏడో పుట్టినరోజు కావలసిన నాడు, విడుదల చేశారు. మొత్తం ఆడడానికి రెండు గంటలు పడుతుంది.

అందులో ఒక రాత్రి ఉంది. ఆసుపత్రి గదిలో తండ్రి ఒక్కడే బిడ్డతో ఉన్నాడు. బిడ్డకు వాంతులు, ఒంట్లో నీరు తగ్గిపోయింది, దాహం. ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు ఆగదు. ఆడేవారి చేతిలో మౌసు ఉంది. గదిలో నొక్కడానికి చోట్లున్నాయి. కుర్చీలో కూర్చోవచ్చు. అటూ ఇటూ నడవవచ్చు. కిటికీ దగ్గర నిలబడవచ్చు. బిడ్డను ఎత్తుకోవచ్చు. పళ్ళరసం పట్టవచ్చు, పట్టిన రసం కక్కేస్తాడు. ఏది చేసినా ఏడుపు ఆగదు. ముప్ఫై ఏళ్ళుగా వీడియో గేములు నేర్పినది ఒక్కటే: ప్రతి చిక్కుకూ ఒక విడుపు ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఆ నమ్మకంతో ఆడేవారు మళ్ళీ మళ్ళీ అన్నిచోట్లా నొక్కుతారు. విడుపు లేదు. చివరికి తండ్రి చేయగలిగింది లేక ప్రార్థనకు దిగుతాడు; కొంతసేపటికి పిల్లవాడు అలసి నిద్రపోతాడు. ఆటకంతటికీ బీజమైనది రయన్ గ్రీన్ నిజజీవితంలో గడిపిన అలాంటి ఒక రాత్రే.

పిల్లల వార్డులో రాత్రి డ్యూటీ చేసిన ఏ వైద్యుణ్ణి అడిగినా ఆ గది తెలుసంటాడు. వసారాలో బిడ్డను భుజాన వేసుకుని తిరిగే తండ్రి. ప్రతి పావుగంటకూ నర్సుల బల్ల దగ్గరకు వచ్చి, ఇంకేమైనా ఇవ్వగలరా అని అడగబోయి, అడగకుండానే వెనక్కి వెళ్ళే తల్లి. సూది దొరకని చిన్న చేతికి నాలుగోసారి ప్రయత్నిస్తున్న జూనియర్. సాహిత్యం ఈ స్థితిని రాయలేదని కాదు. కాని అక్షరాలలో నిస్సహాయత చదివినప్పుడు పాఠకుడు ఆ తండ్రిని చూసి జాలిపడతాడు. ఇక్కడ జాలిపడే తీరిక దొరకదు; చెయ్యి ఏదో ఒకటి చేస్తూ ఉంటుంది, చేసినది వృథా అవుతుంది, ఆ వృథా తన చేతిదే. ఈబర్ట్ వాదానికి జవాబు ఈ గదిలో ఉంది. నిర్ణయం ఆడేవాడి చేతిలో పెట్టినంతమాత్రాన రచయిత అధికారం పోదు. చేతిలో పెట్టినట్టే పెట్టి, దానివల్ల ఏమీ కాకుండా చేయడం కూడా రచనే. ఇంత కఠినమైన రచన నవలకు కూడా కష్టం. ఎందుకంటే నవలలో పాఠకుడికి మొదటినుంచీ ఏ అధికారమూ లేదు. లేనిదాన్ని లాక్కోవడం ఎలా?

మరో ఘట్టంలో అదే పిల్లవాడిని చిన్న బండిలో కూర్చోబెట్టి ఆసుపత్రి వసారాలో పందెం నడపాలి. దారిలో మెరిసే వస్తువులుంటాయి. పిల్లల ఆటల్లో మామూలే, ఏరుకుంటూ పోవాలి. సంగీతం హుషారుగా ఉంటుంది. పందెం ముగిశాక లెక్క తెరమీదికి వస్తుంది. ఏరుకున్నవన్నీ కీమో మందులూ చికిత్సలూ. ఎక్కువ ఏరినందుకు సంబరపడిన చేతికి అప్పుడు తెలుస్తుంది, తాను ఏం పోగుచేసిందో. వైద్యవిద్యార్థులకు నెలల తరబడి చెప్పినా అబ్బని విషయం, చికిత్స పట్టిక పొడవు ఒక గెలుపులా కనబడడం ఎంత మోసమో, ఆ లెక్కల తెర ఒక్క క్షణంలో చెబుతుంది.

వైద్యులు చేదు వార్త చెప్పే ఘట్టం ఇంకొకటి. తెలుగు సినిమాలో ఆ వైద్యుడెలా ఉంటాడో అందరికీ తెలిసినదే: ఆపరేషన్ థియేటర్ తలుపు తోసుకుని వస్తాడు, కళ్ళజోడు తీస్తాడు, సారీ అంటాడు, నేపథ్యంలో వయొలిన్లు. 1993లో ‘మాతృదేవోభవ’ చూసి హాళ్ళకు హాళ్ళు ఏడ్చాయి. ఆ కన్నీళ్ళు అబద్ధమని ఎవరూ అనలేరు. కాని అక్కడ రోగం కన్నీళ్ళు రప్పించడానికి వచ్చిన అతిథి, పని కాగానే వెళ్ళిపోతుంది. ‘దట్ డ్రాగన్, క్యాన్సర్’లో గది చిన్నది. తల్లి, తండ్రి, ఇద్దరు వైద్యులు, కింద ఆడుకుంటున్న పిల్లవాడు. పిల్లవాడి బొమ్మ మీది ముల్లును తిప్పితే అవే నిమిషాలు మరొకరి మనసులోంచి వినిపిస్తాయి. మళ్ళీ తిప్పితే మరొకరు. గదిలోకి నీళ్ళు చేరి మెల్లగా పైకి లేస్తుంటాయి. వార్త ఒక్కటే. వినేవారి మనసులో ఒకటి, చెప్పేవారి మనసులో మరొకటి. చెప్పేవాడికి కూడా ఒక మనసుందని, చెప్పే మాటలు చాలవని చెబుతుండగానే అతడికి తెలుసునని గుర్తించిన కథలు ఏ భాషలోనైనా కొద్దే.

లోపాలు లేవని కాదు. గ్రీన్ దంపతులు గాఢమైన క్రైస్తవ విశ్వాసులు. ఆట చివరి భాగం ప్రార్థనలా సాగుతుంది, ఆ విశ్వాసం లేనివారికి అక్కడ కొంత దూరం పెరుగుతుంది. ఎక్కడ నొక్కాలో తెలియక తికమకపడే చోట్లున్నాయి. అది కళ కాదు, అవకతవక పనితనం. అయితే విశ్వాసం విషయంలో కూడా ఆట నిజం దాచలేదు. బిడ్డకు నయమవుతుందని తల్లి నమ్ముతుంది, తండ్రి నమ్మలేకపోతాడు. ఒక ఘట్టంలో అతడు సముద్రంలో మునుగుతుంటే ఆమె పైన పడవలో ఉంటుంది. ఒకే దుఃఖం మోస్తూ ఇద్దరూ ఒకరికొకరు అందకపోవడం, బిడ్డ జబ్బు పడిన ఇళ్ళలో రోజూ జరిగేదే. పాత్రలకు ముఖాలలో కళ్ళూ ముక్కూ ఉండవు; ఉత్త ఆకారాలు. ఆ లేమిలో ఎవరి ముఖం వారు చూసుకుంటారు. ఆలంకారికులు సాధారణీకరణం అన్నదానికి ఇంతకంటె సూటి ఉదాహరణ వెదకడం కష్టం.

ఇక్కడ మరో అలవాటును తప్పుపట్టాలి. యూట్యూబులో చూశాం, బాగానే ఉంది అనేవారున్నారు. ఈ ఆట విడుదలైన కొద్దికాలానికే, ఎవరో ఆడుతుండగా తీసిన వీడియోలను లక్షలమంది చూశారు, చూసి ఏడ్చారు, కొన్నవారు మాత్రం కొద్దిమందే. రెండు నెలల తరువాత, అమ్మకాల మీద తమకు ఒక్క డాలరు కూడా ఇంకా చేతికి రాలేదని రయన్ గ్రీన్ బహిరంగంగా రాయవలసి వచ్చింది. డబ్బు సంగతి అటుంచినా, చూడడం ఆడడం కాదు. ఏడుపు ఆగని గదిలో మౌసు మరొకరి చేతిలో ఉన్నప్పుడు చూసేవాడికి మిగిలేది మళ్ళీ ఆ పాత జాలే. నవల కథాసంగ్రహం చదివి నవల చదివానని చెప్పుకునేవారిని చూసి నవ్వుకునే పాఠకులు ఇక్కడ కూడా కాస్త నవ్వుకోవాలి, తమను చూసి.

ఆటలను వెనకేసుకొచ్చేవారిలోనూ ఒక వర్గం అతిగా మాట్లాడుతుంది. ఆడితే ఎదుటివారి బాధ తన బాధ అయిపోతుందట, అనుకంప పెరుగుతుందట. ఇది వ్యాపార ప్రకటనల భాష. రెండు గంటలు మౌసు నొక్కినవారు బిడ్డను పోగొట్టుకున్న తండ్రి కారు, కాలేరు. అలా అనుకోవడం ఆ తండ్రి పట్ల అపచారం. ఆట చేసేది అంతకంటె చిన్నది, అంతకంటె నిజమైనది: ఫలానా క్షణంలో ఏమీ చేయలేకపోవడమంటే ఏమిటో వేళ్ళకు తెలియజేస్తుంది. దాన్ని పట్టుకుని మంచివారమైపోయామని గంతులు వేయనక్కరలేదు.

వ్యసనం మాటేమిటి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మత ఉన్నమాట నిజం. చదువూ నిద్రా మాని ఫోన్లకు అతుక్కుపోయిన పిల్లలు ఉన్నమాటా నిజం. అయితే ఆ ఉచ్చు పన్నే ఆటలు వేరు; వాటికి ముగింపు ఉండదు, ఉంటే లాభం రాదు. ఇక్కడ చెబుతున్నవి రెండు మూడు గంటల్లో ముగుస్తాయి, ముగిశాక మళ్ళీ రమ్మని పిలవవు. పాఠకుణ్ణి కట్టిపడేసే విద్య వీడియో గేములు కనిపెట్టినది కూడా కాదు. ప్రతి వారం పీటముడి దగ్గర ‘సశేషం’ అని ముగించి, తరువాతి సంచిక కోసం బడ్డీకొట్టు ముందు జనాన్ని నిలబెట్టినవి తెలుగు వారపత్రికలే.

పెద్ద కంపెనీలు వందలమందితో, వందల కోట్లతో తీసే ఆటలు ఈ చర్చలోకి రావు. వాటికి ప్రచారం కొరత లేదు. ఒక్కరో పదిమందో కూర్చుని చేసిన ఇండీ ఆటల సంగతే ఇది. లూకస్ పోప్ అనే ఆయన దాదాపు ఒంటరిగా చేసి 2013లో విడుదల చేసిన ‘పేపర్స్, ప్లీజ్’నే తీసుకుంటే, అందులో ఆడేవారు ఒక నిరంకుశ రాజ్యపు సరిహద్దు చెక్‌పోస్టులో గుమాస్తా. వచ్చినవారి పాసుపోర్టు చూడాలి, ముద్ర వేయాలి. తప్పు చేస్తే జీతం కోత. ఇంట్లో తిండికీ వెచ్చదనానికీ ఆ జీతమే ఆధారం. ఒక రోజు ఒకాయన వస్తాడు, కాగితాలన్నీ సరిగా ఉన్నాయి; వెనకే తన భార్య వస్తోంది, కాస్త దయచూపమంటాడు. ఆమె దగ్గర అనుమతి పత్రం లేదు. వీసా కిటికీ ముందు ఫైలు పట్టుకుని గుండె దడతో నిలబడిన అనుభవం లేని ప్రవాసాంధ్రుడు అరుదు. కిటికీకి అవతల కూర్చోవడం ఎలా ఉంటుందో ఎప్పుడైనా ఊహించాడా? తెలుగు ప్రవాస కథ ఎన్నడూ కూర్చోని కుర్చీ అది. మానవత్వానికి అక్కడ ధర ఉంది, అది అంకెల్లో ఉంది, ఆ రోజు జీతంలోంచి కోసుకోవాలి.

‘వెంబా’ తెలుగు ఇంటికి మరీ దగ్గర. టొరాంటోకు చెందిన విశై గేమ్స్ 2023లో తెచ్చిన ఈ ఆటలో, 1980లలో కెనడాకు వలస వచ్చిన తమిళ దంపతులు, అక్కడ పుట్టిన కొడుకు. తల్లి తన తల్లి రాసిచ్చిన వంటల పుస్తకం పట్టుకుని వండుతుంది. పుటలు చిరిగి, అక్షరాలు చెరిగి ఉంటాయి. పోయిన అంచెను ఆడేవారే పూరించాలి. ఇడ్లీ పళ్ళేలు ఒకదానిమీద ఒకటి ఎలా పేర్చాలన్నదే మొదటి చిక్కు. కొడుకు పెరిగేకొద్దీ తల్లిభాషకు ముఖం చాటేస్తాడు. చాలా ఏళ్ళ తరువాత అదే పుస్తకం ముందు అతడే నిలబడి తడబడతాడు. అమెరికాలో తెలుగు బడులు, తెలుగు సభలు, మాతృభాష మీద ఉపన్యాసాలు లెక్కలేనన్ని జరుగుతాయి. ఆ ఉపన్యాసాలకు కూర్చోని పిల్లలు ఈ ఆటకు కూర్చుంటారు. పెద్దలు కూర్చుంటారా అన్నదే సందేహం. ఇంతటి సొంత కథ తమిళుల నుంచి వచ్చింది, అభినందించాలి. తెలుగువారి నుంచి రాకపోవడానికి పిల్లల చేతిలో ఆట చూడగానే ముఖం చిట్లించే తరం బాధ్యత ఎంతన్నదీ అడగాలి.

పోలండ్‌లో అలా అడగనక్కరలేకపోయింది. ముట్టడిలో చిక్కుకున్న నగరంలో మామూలు మనుషులు ఎలా బతుకుతారో చూపిన ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ను పాఠశాల విద్యార్థుల పఠన జాబితాలో చేరుస్తున్నట్టు ఆ దేశ ప్రభుత్వం 2020లో ప్రకటించింది. యుద్ధం ఎరిగిన దేశం.

‘వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఎడిత్ ఫించ్’ 2017లో వచ్చింది. ఒక కుటుంబంలో అందరూ ఒక్కొక్కరుగా చనిపోయిన తీరు ఒక్కొక్క కథ. వాటిలో లూయిస్ కథ పది నిమిషాలు కూడా ఉండదు. మత్తుమందుల నుంచి బయటపడి చేపల డబ్బాల కర్మాగారంలో పనికి చేరిన కుర్రవాడు. ఆడేవారి ఒక చెయ్యి చేపను పట్టి, కత్తి కిందికి తోసి, తల తెగగానే అవతలికి విసరాలి, మళ్ళీ చేప. రెండో చెయ్యి అతడి ఊహలో తిరుగుతుంది. మొదట తెర మూలన ఒక చిన్న చీకటి దారి. అది పెద్దదవుతుంది, రంగులద్దుకుంటుంది, నగరాలు, నదులు, జేజేలు కొట్టే జనం. చేపలు ఆగవు. కొంతసేపటికి ఒక చెయ్యి చేపలు తరుగుతోందన్న స్పృహే ఆడేవారికి ఉండదు. కళ్ళు రాజ్యం మీదే ఉంటాయి, చెయ్యి తన పని తాను చేసుకుపోతుంటుంది. ఆ రాజ్యంలో పట్టాభిషేకానికి అతడు తల వంచాలి. కర్మాగారంలో కత్తి ఎక్కడుందో అప్పుడు గుర్తుకు వస్తుంది.

ఆ కథను వినిపించే గొంతు లూయిస్‌ది కాదు. అతడికి చికిత్స చేసిన మానసిక వైద్యులు, అతడు పోయాక, అతడి తల్లికి రాసిన ఉత్తరం అది. ఉత్తరం చదువుతున్నంతసేపూ చేపలు వస్తూనే ఉంటాయి.